తగాదా తెగకముందే తాగిన మజ్జిగ

మొన్న మా కోడలు పేపరు చదువుతూ, కోర్టుకెళ్లకుండా మధ్యవర్తి దగ్గరే తగాదాలు తేల్చుకోవచ్చని రాశారు, ఇంతకీ మధ్యవర్తి ఏం చేస్తాడు మామయ్యా అని అడిగింది. ఇద్దరికీ నచ్చజెప్పేవాడమ్మా అని ఊరుకున్నాను గానీ, అది సగం సంగతే. మిగతా సగం నేను ఒక గ్లాసు మజ్జిగ తాగి నేర్చుకున్నాను.

అల్లూరు పక్క మా ఊళ్లో వరిచేల మధ్య రొయ్యల గుంటలు కొత్తగా తవ్వుతున్న రోజులవి. మా నాన్న ఊరికి పెద్దమనిషి. తగాదా తెగేదాకా ఆ ఇద్దరిలో ఎవరింటా పచ్చి మంచినీళ్లయినా ముట్టేవారు కాదు, ఎంత ఎండైనా మా ఇంటి నీళ్లే చెంబుతో వెంట తీసుకెళ్లేవారు. బళ్లో పాఠాలు చెప్పుకునే నాకు అదంతా చాదస్తంగా తోచి చాటున నవ్వుకునేవాణ్ణి కూడా.

ఆ ఏడు ఆయన పక్షవాతంతో మంచాన పడ్డారు. అప్పుడే, వరసకు చిన్నాన్న అయ్యే ఒకాయన చేనులోకి, పక్కనే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, తవ్వించిన గుంట నుంచి ఉప్పునీళ్లు ఊరడం మొదలైంది. చిన్నాన్నకు ఉన్నది ఆ ఎకరమే. నాట్లు వేసిన నెలకే గట్టు పక్క పైరు ఎర్రబారింది. నాన్న మీది గురితో ఇద్దరూ నన్నే మధ్య ఉండి తెగ్గొట్టమన్నారు. పొంగిపోయాను, దాచుకోవడమెందుకు!

నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగి, గుంటకూ చేనుకూ నడుమ ఊటనీరు పోయేందుకు కాలువ తీసేటట్టు, అందుకు బావ రెండు గజాలు వదిలేటట్టు ఒప్పించాను. తెల్లారితే నలుగురి ముందు ఖాయం చేసుకోవడమే మిగిలింది. ఆ మధ్యాహ్నం గట్టు మీద కొలతలు చూసి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, మేనత్త మజ్జిగ ఇస్తే వాళ్ల వాకిట్లోనే నిలబడి గటగటా తాగేశాను.

సాయంత్రానికల్లా చిన్నాన్న మా ఇంటికొచ్చాడు. కోపంగా కూడా లేడు, నాకు అదే ఎక్కువ బాధ.

“వాళ్లింట్లో మజ్జిగ తాగినావంట గదా అబ్బయ్యా. నువ్వు చెడ్డోడివని కాదు. రేపు ఆ కాలువ జానెడు తగ్గినా నాకు ఆ గ్లాసే గుర్తొస్తాది” అన్నాడు.

అయితే పద చిన్నాన్నా, మీ ఇంట్లోనూ తాగుతానన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! మంచం మీది నాన్న, మాట రాకపోయినా, వద్దని చెయ్యి ఊపారు.

నేను తప్పుకున్నాను, పొరుగూరి పెద్దమనిషిని తెచ్చేలోపు పదిహేను రోజులు గడిచాయి. ఈలోగా, తన ఇంటి మజ్జిగనే అనుమానించారని బావ పంతానికి పోయి, కాలువ మాటే ఎత్తవద్దన్నాడు. పైరు నిలువునా ఎండిపోయింది. మరుసటి ఏడు చిన్నాన్న ఆ ఎకరం బావకే కౌలుకిచ్చి, ఆ గుంటకే కాపలా కుదిరాడు. నేను కనబడితే నవ్వుతూ పలకరించేవాడు, ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ వైపు కనుచూపుమేర గుంటలే. ఉప్పు తగిలిందని మా ఊళ్లో ఎవరూ తగాదా పెట్టుకోరు. ఉప్పుకు చెడేందుకు చేనంటూ మిగల్లేదు.