తేలికగా తీసుకున్న పవర్ సప్లై

తప్పు నాదే. పన్నెండేళ్లుగా ఒక్కరోజు సెలవు అడగకుండా పనిచేసినదాన్ని, గొంతు బాగాలేదని పనిలోంచి తీసేశాను.

గొంతు అంటే ఫ్యాను. మా డీటీపీ షాపులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ వెనకవైపు ఒక ఇనుప డబ్బా ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని, లోపల ఎవరికెంత కావాలో అంత వడ్డించడం దాని పని. పవర్ సప్లై అని పేరు. బజార్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. మధ్యలో ఒక ఎంపీ, అటూ ఇటూ ‘ఎస్, ఎస్’ అనేవాళ్లు. పవర్ అంతా అక్కడే ఉండటంలో వింతేముంది?

మొన్నటి ఎండాకాలం దాని ఫ్యాను గరగరమంది. నూనె చుక్క వేస్తే పోయేదానికి నేను కొత్తది కొనడానికి బయలుదేరాను. బస్టాండు దగ్గర కంప్యూటర్ విడిభాగాలు అమ్మే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి బూడిదరంగు, మొద్దుగా, ముఖాన ఒక చిన్న కాగితం ముక్కతో ఉంది. రెండోది నల్లగా నిగనిగలాడుతూ, బంగారు అక్షరాల స్టిక్కరుతో ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరేది రాయమంటే అది రాసి అచ్చువేసినవాణ్ని. పొద్దున తెరిచిన హోటలుకు సాయంత్రానికల్లా ‘మీ అభిమాన హోటల్’ అని బోర్డు కట్టించిన ఘనుణ్ని. స్టిక్కరంటే ఏమిటో జహీరాబాద్‌లో నాకు తెలిసినంత మరొకరికి తెలియదు. అయినా ఆ అక్షరాల కింద పడిన నీడ చూసి నేనూ పడిపోయాను.

పాతది షాపులో కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద బరువుగా కూర్చుంది.

ఆ వారమే న్యాల్‌కల్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కంది, జొన్న పండించే రైతు. మనవరాలి పెళ్లి కార్డులు కావాలన్నాడు. పెళ్లికొడుకుది సరిహద్దు అవతలి ఊరు కాబట్టి ఒకపక్క తెలుగు, ఒకపక్క కన్నడం. తెరమీద రెండూ చూసి మురిసిపోయాడు.

“అక్షరాలు గూడ అక్కజెల్లెండ్ల లెక్కనే ఉన్నయ్ తమ్మీ. ఇగ మేం కలుసుడు ఎంతసేపు!”

అవతలి ఊళ్లన్నీ తనే తిరిగి చేతికి కార్డు ఇస్తానని ఆయన పట్టు. “కార్డు ఇయ్యకుంటె మా వియ్యంకుని తరపోల్లు అడుగు బయటపెట్టరు. జర జల్ది జెయ్యి” అని చెప్పి వెళ్లాడు. పెళ్లికి సరిగ్గా మూడు వారాలు.

మర్నాడు కంప్యూటర్ నల్లబడింది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కొత్త డబ్బాకు అప్పటికి వయసు ఎనిమిది రోజులు.

తమ్ముడి దగ్గరికి మోసుకెళ్లాను. “వారంటీ ఉన్నది గదన్నా, ఫికరెందుకు?” అని టీ తెప్పించి, నేను తాగేలోపు అచ్చం అలాంటిదే ఇంకొకటి చేతిలో పెట్టాడు. అది ఆరు రోజులు బతికింది, కన్నడం పక్క తప్పులు దిద్దించుకొచ్చేలోపే పోయింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ టీ, మళ్లీ బంగారు అక్షరాలు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వంటగదిలోంచే తీర్పు ఇచ్చింది.

“వారం నడుస్తది, టీ వోస్తడు. గందుకే దానికి వారంటీ అని పేరు వెట్టిన్రు. గాయింత తెల్వదా మీకు?”

అక్షరాలు అమ్ముకునేవాణ్ని నేను. అక్షరం విడగొట్టింది తను.

మూడోది రెండో రోజే చిన్న చప్పుడుతో కాలిన వాసన వదిలింది. సరిగ్గా అప్పుడే షేర్ ఆటో దిగి పెద్దాయన లోపలికొచ్చాడు. పెళ్లి ఇక తొమ్మిది రోజుల్లో. నా ముఖం చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

“ఏమాయె తమ్మీ, ఇయ్యాల గూడ లేదా? ఇంకెప్పుడు పంచాలె నేను?”

కాలిన డబ్బా పీకి చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేశాడు. తర్వాత కాగితాల మీదున్న పాతదాన్ని రెండో చేత్తో ఎత్తాడు. కుడిచెయ్యి గాల్లోకి లేచింది, ఎడమచెయ్యి కిందికి దిగింది.

“గిదేం పని జేస్తది?”

“రెండూ ఒక్కటే పని కాకా.”

“ఒక్క పనైతే గిది గింత బరువెందుకు, గది గంత తేలికెందుకు?” అని నల్లదాన్ని బల్లమీద పడేశాడు. “తాలు! లోపల గింజ లేదు. తాలు ఇత్తనం గూడ మొలిచినట్టె మొలుస్తది. పది దినాలకు పండుకుంటది. ముందుగాల పది దినాలు నిలిచిందే పంటదాక నిలుస్తది. మరి గిదెన్నేండ్లు నిలిచింది?”

“పన్నెండు.”

“పన్నెండేండ్లు నిలిచినదాన్ని తీసి కాగితాల మీద వెట్టినవా?” అని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చూపులో తాలు ఎవరో తేలిపోయింది.

సిగ్గు సగం, ఆత్రం సగంగా స్క్రూడ్రైవర్ తీశాను. పాతదాని దుమ్ము దులిపి, ఫ్యానుకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాను. మీట నొక్కాను. తెర వెలిగింది. తెలుగక్క, కన్నడ చెల్లె చెక్కుచెదరకుండా పక్కపక్కనే ఉన్నారు. పెద్దాయన కార్డుల కట్ట చంకన పెట్టుకునేదాకా షాపులోంచి కదలలేదు. అన్ని ఊళ్లూ తిరిగాడు. పెళ్లికి సరిహద్దు అవతలి నుంచి ఎంతమంది వచ్చారంటే, వండిన అన్నం చాలక మళ్లీ పొయ్యి వెలిగించారు. ఆ రెండో వాయి తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక మిగిలింది తమ్ముడి లెక్క. నేను వెతుక్కోనక్కర్లేకుండా తనే వచ్చాడు, షాపుకు కొత్త ఫ్లెక్సీ కావాలని. “నా ఫొటో జర పెద్దగ వెట్టన్నా. కింద ‘ప్రతి వస్తువుకు వారంటీ గలదు’ అని రాయి.”

రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. మధ్యలో చిన్న ఖాళీ మాత్రం వదిలాను. అచ్చుకు ముందు చూపించాను కూడా. తన ఫొటోను దగ్గర్నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి చూసుకుని “సూపరున్నదన్నా, కొట్టెయ్” అన్నాడు. మెరుపు చూసి మోసపోయేది నేనొక్కణ్నే కాదని మనసు కుదుటపడింది.

బోర్డు కట్టిన రోజు మొదట వెళ్లింది నేనే. బజారుకొచ్చిన పెద్దాయనను కూడా వెంటబెట్టుకెళ్లాను. ఆయన రోడ్డు మీదే నిలబడి, కూడబలుక్కుంటూ బిగ్గరగా చదివాడు.

“ప్రతి వస్తువుకు... వారం... టీ గలదు. మంచిగున్నది పిలగా! ఇగ టీ వొయ్యి!”

తమ్ముడు బయటికి పరుగెత్తుకొచ్చి తలెత్తి చూశాడు. “అన్నా, గిదేందన్నా!”

“నువ్వు సూసి ఒప్పుకున్నదే గద తమ్మీ” అన్నాను.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఫొటో బాగా వచ్చిందని బోర్డు మాత్రం దించలేదు. నేను రోజూ వెళ్లి, బోర్డు చూపించి టీ తాగాను. ఏడో రోజు సగమే నిండిన కప్పు అందుకోగానే అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు మెల్లగా ఎత్తి చూశాను.

“ఏమైందన్నా?” అన్నాడు.

“తాలు” అన్నాను.