కాడల బరువు

పోయిన వారం కోర్టులో ఒక గోనెసంచి సీలు విప్పారు. ఎండుగడ్డి తడిసి మగ్గినట్టు, దాని అడుగున ఏదో జిగురు దాగినట్టు ఉండే వాసన ఒక్కసారిగా గదంతా కమ్ముకుంది. జడ్జిగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. గంజాయి వాసన తగిలితే నాకు ఆండాళ్ మేడం గుర్తుకొస్తుంది, పళ్ళు బిగుసుకుంటాయి. ఆమె పోయి రెండేళ్ళయింది. ఏ చట్టం మీద ఆమె ముప్పై ఏళ్ళు మండిపడిందో ఆ చట్టం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె మదురైలో వకీలు. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడిలో పత్తి పండించుకునే ఇంట్లో పుట్టింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వరండా అవతలికి వినిపించేది. నేను కోయంబత్తూరులో మిల్లు నడిపే కుటుంబం నుంచి వచ్చాను. రెండు ఇళ్ళలోనూ తెలుగే. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో లెక్క తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరతానంటే మా పెదనాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "ఆ గంజాయి వక్కీలమ్మ దగ్గరా? మన ఇంటి పేరు ఏం గానూ?" అన్నాడు. అయినా చేరాను. మొదటి రోజు ఆమె నా మార్కులు చూడలేదు.

"తెలుగు మాట్లాడతావు గదా, చదువుతావా?" అని అడిగింది.

"లేదు మేడం. బళ్ళో నేర్పలేదు."

"నాకూ నేర్పలేదు. నలభయ్యో ఏట నేర్చుకుంటిని. నువ్వు ఇప్పుడే నేర్చుకో అమ్మిణీ. జైల్లో ఉండేవాండ్లకు నీ ఇంగ్లీషు ఏమిటికి?" కోయంబత్తూరు పిల్లనని నన్ను కడదాకా అక్కడి ముద్దుపిలుపుతో అమ్మిణీ అనే పిలిచింది.

తెలుగు ఎందుకో నెల తిరక్కముందే తెలిసింది. ఆంధ్రా కొండల నుంచి సంచులు మోసుకొచ్చే కూలీలు ఇక్కడి రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో దొరికిపోతారు. వాళ్ళకు తమిళం ఒక్క ముక్క రాదు. పట్టుకునేవాళ్ళకు తెలుగు రాదు. మధ్యలో ఒక కాగితం, దాని కింద ఒక వేలిముద్ర. లచ్చన్నను నేను చూసింది అలాగే, జైలు ములాఖత్ గదిలో జాలీకి అవతల. నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకుని నిలబడేవాడు. మదురైకి పడమరన ఉన్న కంబం లోయలో ద్రాక్షతోటల పని ఉందని ఒక మేస్త్రీ ఆయన్ని చిన్నమనూరుకు బయలుదేరదీశాడు. దారిలో రెండు సంచులు అప్పజెప్పాడు. మదురైకి ముందు స్టేషన్లో మంచినీళ్ళకని దిగిన మేస్త్రీ మళ్ళీ ఎక్కలేదు. ఆ మేస్త్రీని ఇంతవరకు ఎవరూ వెతకలేదు.

"ఆ కాయితంలో ఏటి రాసినారమ్మా?" అన్నాడు లచ్చన్న. మా ఇంటి తెలుగులో ఏమి అంటాం. ఏటి అంటే ఏదో ఏరు గురించి అడుగుతున్నాడనుకున్నాను. మేడం నా మోచేతి మీద పొడిచింది. ఆయన వాంగ్మూలాన్ని తమిళం నుంచి మా యాసలోకి మార్చి చదివాను. తాను చాలాకాలంగా గంజాయి వ్యాపారం చేస్తున్నానని, ఇష్టపూర్వకంగా చెబుతున్నానని, చదివి వినిపించగా సరేనని ఒప్పుకున్నానని అందులో ఉంది.

"నాకు అరవం రాదు గదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

"సంచుల్లో ఏముందో తెలుసునా నీకు?" అని మేడం అడిగింది. తెలియదంటే బాగుండునని నేను మనసులో అనుకున్నాను.

"తెలుసమ్మా. మా కొండ మీద పండేదే. తెలిసే మోసినాను. కూలికోసం."

బయటికి వచ్చాక నేను నిరాశగా, "ఒప్పేసుకున్నాడు మేడం, ఇక ఏముంది?" అన్నాను. ఆమె నడిరోడ్డు మీద ఆగిపోయింది. "నిజం చెప్పినాడని నీకు కష్టంగా ఉండాదా? నిరపరాధి అయితేనే వాదిస్తావా నువ్వు? మోసినాడు. సరి. మోసినదానికి ఎంత శిక్ష, అది గదా అడగాల్సింది!" అని అరిచింది. ఆటోవాళ్ళు తిరిగి చూశారు. నేను తల దించుకున్నాను. నా చదువంతా ఆ ఒక్క తిట్టులో మళ్ళీ మొదలైంది.

ఎంత శిక్ష అన్నది తూకం మీద ఉంటుంది. ఇరవై కిలోల లోపైతే జడ్జి తన బుద్ధి ఉపయోగించుకోవచ్చు, బెయిలూ ఇవ్వొచ్చు. ఇరవై దాటిందా, అది పెద్ద వ్యాపారం కింద లెక్క. పదేళ్ళకు తక్కువ శిక్ష వెయ్యడానికి వీల్లేదు. విచారణ మొదలు కాకముందే ఈ మనిషి నిర్దోషేనని జడ్జికి నమ్మకం కలిగితే తప్ప బెయిలు రాదు. లచ్చన్న సంచులు ఇరవై రెండు కిలోలు తూగాయని రాశారు. చట్టం గంజాయి అనేది పూలకొసలనే. వాళ్ళు మాత్రం కాడలు, వేళ్ళు, వేళ్ళకంటిన మట్టి, తడిసిన గోనెపట్టా అన్నీ కలిపి తూచారు. కాడలు వేరుచేసి మళ్ళీ తూచమని మేడం అర్జీ పెట్టింది. కొట్టేశారు. మళ్ళీ పెట్టింది. వాయిదా. జడ్జి మారాడు. మళ్ళీ మొదటినుంచి. లచ్చన్న లోపలే ఉన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళిన రెండో ఏడాదే కోయంబత్తూరులో మా పెదనాన్న కొడుకు, కాలేజీ కుర్రాడు, గాంధీపురంలో ఒక లాడ్జిలో స్నేహితులతో గంజాయి పొట్లాలతో దొరికాడు. ఇంటి పేరు పాడవుతుందన్న ఆ పెదనాన్నే మేడంకు ఫోను చేసి, "అమ్మా, మీరే కాపాడాల" అని ఏడ్చాడు. ఆమె ఎగతాళి చేస్తుందనుకున్నాను. బస్సెక్కి వచ్చింది, వాదించింది. కొద్దిపాటి పరిమాణం గనక సాయంత్రానికి కుర్రాడు ఇంట్లో అన్నం తింటున్నాడు. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, "లచ్చన్న లోపల కూర్చుంటే వీణ్ణి విడిపించి వస్తున్నాం. నాకు సిగ్గుగా ఉంది" అన్నాను.

"ఆ పిల్లోడు ఇంటికి పోయింది తప్పు కాదు అమ్మిణీ. లచ్చన్న పోలేకపోయింది తప్పు."

"వాడు గంజాయి మానకపోతే? చదువు పాడైతే?"

"అయితే డాక్టరు దగ్గరికి తోలండి. ఆ పొగ మంచిదని నేను ఏనాడన్నా అంటినా? వీధి చివర గవర్నమెంటే బ్రాందీ అమ్ముతాది. తాగి పడిపోయినవాణ్ణి పదేండ్లు లోపలేస్తారా? ఉత్తరాదిన ఇదే చెట్టు ఆకును భంగు అని లైసెన్సిచ్చి అమ్మిస్తారు. మా తాత ఎద్దుకు కడుపు ఉబ్బితే ఇదే ఆకు నూరి పోసేవాడు. ఒకే చెట్టు! ఒకచోట అంగడి, ఒకచోట జైలు. అమ్మేదేదో గవర్నమెంటు కండ్ల ముందర, వయసు చూసి, కొలిచి అమ్మనీ. అప్పుడు ఆ మేస్త్రీకి పనుండదు, లచ్చన్నకు మోసేదుండదు." కిటికీలోంచి గాలి కొడుతుంటే కొంగు బిగించి పట్టుకుని దిండుక్కల్లు ఊరు దాటేదాకా మాట్లాడుతూనే ఉంది. ముందు సీట్లో పెద్దాయన లేచి వేరే చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

లచ్చన్న భార్య సన్యాసమ్మ నెలకొక ఉత్తరం రాయించేది. వాళ్ళ ఊరి పంతులు రాసేవాడు. అది మా ఆఫీసుకు వస్తే నేను ములాఖత్‌లో చదివి వినిపించాలి. మొదట్లో ఒత్తుల దగ్గర తడబడితే లచ్చన్న జాలీ అవతల ఓపిగ్గా నిలబడి, పదం తానే పూర్తిచేసేవాడు. మేక ఈనింది, పెద్దపిల్ల బడి మానేసింది, కప్పు కారుతోంది. ఆ ఉత్తరాలతోనే నాకు చదవడం వచ్చింది. మూడో ఏడు వానాకాలంలో పంతులు తన పేరుతోనే రాశాడు. సన్యాసమ్మకు జ్వరం వచ్చింది, కొండ దించేలోగా ప్రాణం పోయింది, పిల్లలు మేనమామ ఇంట్లో ఉన్నారు. ఆ ఉత్తరం నేను ఎక్కడా తడబడకుండా, ఒక్క గుక్కలో చదివేశాను. అది ఆఫీసులో. జైల్లో చదవలేనన్నాను, మీరు చెప్పండన్నాను.

"నువ్వే చదువుతావు. ఉండేది ఉండినట్టు చదువు. ఆయన పెండ్లాము సుద్ది ఆయనకు పూర్తిగా దక్కనీ" అంది మేడం. నా పక్కనే నిలబడింది. చదివాను. లచ్చన్న మొత్తం విని, చివరి వాక్యం ఇంకోసారి చదవమన్నాడు.

నాలుగో అర్జీ కొత్త జడ్జి ఒప్పుకున్నాడు. కోర్టు హాల్లోకి త్రాసు తెచ్చారు. గుమాస్తా కాడలు ఒకవైపు, వేళ్ళు ఒకవైపు, కొసలు ఒకవైపు పేర్చాడు. ఎండిపోయినందువల్ల తగ్గిందని ప్రాసిక్యూటర్ వాదించాడు. "ఎండితే వేళ్ళు పూలయితాయా?" అంది మేడం. గోనెపట్టా తీసేస్తే మొత్తం కలిపి కూడా ఇరవై రాలేదు. పూలకొసలు పదకొండు. అంటే మొదటి వారంలోనే బెయిలు అడగ్గలిగిన కేసు. అంటే సన్యాసమ్మ జ్వరంతో పడుకున్న రోజు ఆయన ఆమె మంచం పక్కన ఉండగలిగేవాడు. తీర్పులో నేరం రుజువైందన్నారు, ఇంతవరకు గడిపిన కాలమే శిక్ష అన్నారు. ఎవరూ క్షమించమనలేదు. అడగాల్సిన అవసరమే లేకుండా ఎంత నేర్పుగా రాశారో ఆ వాక్యాన్ని! నాలుగేళ్ళను తీసుకుని, తీసుకున్నాక దానికి శిక్ష అని పేరు పెట్టారు.

జైలు గేటు ఎదుట టీకొట్టు బెంచీ మీద లచ్చన్న బన్ను తినకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "తప్పు చేసినాను, కాదనను. ఇది నాలుగేళ్ళ తప్పేనా అమ్మా?" అని అడిగాడు. ఏ జడ్జి ముందరా మాట తడుముకోని ఆండాళ్ మేడం లేచి టీ డబ్బులు కట్టింది. ఆయన్ని రైలెక్కించి వస్తూ ఆటోలో, "జవాబు చెప్పలేకపోతిని" అంది. ఇంకో వీధి దాటాక, "రాయి" అంది.

ఆమె చెబితే నేను రాశాను, చట్టం మార్చమని ఒక అర్జీ. కొసలనే తూచాలి. పట్టుకున్నవాడి భాషలో చదివి వినిపించని కాగితం చెల్లకూడదు. బెయిలు జడ్జి విచక్షణకు వదలాలి. తాగేవాడికి వైద్యం, మోసేవాడికి మోసినంత శిక్ష. పండించడం, అమ్మడం ప్రభుత్వం అదుపులోకి తేవాలి. దాన్ని మేడం ఒక వకీళ్ళ సభలో చదివితే ఒక పెద్దమనిషి లేచి, "ఆడమనిషివై ఉండి గంజాయికి వత్తాసా?" అన్నాడు. "ఆడమనిషి ఒకతె చచ్చిపోయినందుకే చదువుతా ఉండాను" అని, మిగిలిన పేజీలు కూడా చదివే కూర్చుంది. చప్పట్లు లేవు. మరుసటి ఏడాది ఒక పొద్దున ఆఫీసు మెట్ల మీద గుండె ఆగి పోయింది.

ఆ అర్జీని ఏటా మళ్ళీ టైపు చేయించి, అధికారం ఉన్న ప్రతి చోటికీ పంపుతున్నాను. అందినట్టు రసీదు వస్తుంది. తోటి వకీళ్ళు ఇంత ఆవేశం ఆరోగ్యానికి మంచిది కాదంటారు, కొంచెం తగ్గించుకోమంటారు. అలా అన్నవాళ్ళకు లచ్చన్న అడిగిన మాట ఆయన యాసలోనే చెప్పి, జవాబు చెప్పండి, తగ్గించుకుంటాను అంటాను.