వడ్లు ఆరబోసిన రోడ్డు

కాలువ వంతెన నుంచి మా ఇంటి దాకా వచ్చే రోడ్డుకి నేల ఇచ్చింది మా తాతగారు. ఊళ్ళో ఆ దారిని ఇప్పటికీ మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. నా ఫోనులో దారి చెప్పే ఆడగొంతు మాత్రం దాన్ని పేరులేని రోడ్డు అంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఫోను కాలువలోకి విసిరేద్దామనిపించింది. విసరలేదు. నీటికాసుల జబ్బుతో చూపు పూర్తిగా పోయాక, ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా గుమ్మం దాటడానికి నాకు ఆ గొంతు ఒక్కటే దిక్కు. అవసరం ఉన్నవాడు అవమానాన్ని మింగాలి. పొలాలు పోయినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ అది అలవాటైన పనే.

పొలాలు పోయినా "బాబుగారు" అనే పిలుపు పోలేదు. చూపు ఉన్నన్నాళ్ళూ ఆ పిలుపు నాకు బాగానే ఉండేది. చూపు పోయాక దాని వెనకాలే ఒక చెయ్యి వచ్చి నా జబ్బ పట్టుకోవడం మొదలైంది. అడగరు, చెప్పరు. "ఆయ్, రండి బాబుగారూ" అంటూ పట్టుకుని లాక్కుపోతారు. ఎక్కడికి వెళ్తున్నానో అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు.

నేను ఒంటరిగా వెళ్ళే చోటు ఒక్కటే మిగిలింది, కాలువ అవతలి ఊళ్ళో మా అక్కయ్య ఇల్లు. శనివారం పూట భోజనానికి వెళ్తాను. మ్యాపులో ఆవిడ ఇల్లు లేదు. ఆ పక్కనున్న రొయ్యల మేత దుకాణం ఉంది. రొయ్యకున్న విలువ మనిషికి లేదు. గుర్తు నేనే పెట్టుకుని "అక్కయ్య ఇల్లు" అని పేరు ఇచ్చాను. అక్కయ్య నా కోసం గేటు దాకా రాదు. లోపల పీట వేసుకుని కూర్చుని, "ఇంత ఆలస్యమేంట్రా, పులుసు చల్లారిపోయింది" అని కసురుతుంది. ఆ కసురు కోసమే నడుస్తాను.

కార్తీకంలో వాన నీళ్ళకి జారి పడ్డాను. నుదురు చిట్లింది. గాయం కడిగిన మా ఆవిడ అప్పుడే తేల్చేసింది.

"ఇంకొక్కసారి పడ్డారంటే ఈ ఒంటరి తిరుగుళ్ళు ఆఖరండీ. ఫోను నా బీరువాలో ఉంటుంది. మాటివ్వండి."

ఇచ్చాను. మా ఇంట్లో మాటంటే మాట.

దాళ్వా, అదే రెండో పంట, కోతలు అయిన వారంలో శనివారం అది. ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, రెండో చెవి రోడ్డుకి వదిలి, చేతికర్రతో ఎడమ అంచు తడుముకుంటూ అక్కయ్య ఇంటికి బయల్దేరాను. "తిన్నగా వెళ్ళండి" అంది గొంతు. దానికి రోడ్డంటే రోడ్డే. కోతలవగానే మావాళ్ళు ఆ తారురోడ్డునే కళ్ళం చేసేసుకుంటారనీ, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బళ్ళు తొక్కకుండా అంచున రాళ్ళు పేరుస్తారనీ దానికి ఎవరు చెప్తారు? పైన తిరిగే ఉపగ్రహానికి కాలువ కనిపిస్తుంది, నా కాలి ముందు రాయి కనిపించదు.

కర్ర రాళ్ళ సందులోకి దిగబడింది. మోకాలు రాయికి కొట్టుకుని, బోర్లా వడ్లలో పడ్డాను. నోట్లో ఊక.

"కళ్ళు కనపళ్ళేదేటయ్యా! ఎండిన వడ్లన్నీ తొక్కేత్తన్నావు!" ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది.

నిజం చెప్తున్నాను, ఆ అరుపు నాకు తప్పుగా అనిపించలేదు. ఎవడు తొక్కినా అలాగే అరుస్తుంది. ఒంటికి పట్టనిది ఆ తర్వాత జరిగింది.

"నోరు ముయ్యే! బాబుగారు!" అన్నాడు ఆమె మొగుడు. ఆ ధాన్యం పండించిన కౌలు రైతు. అంతే, నలుగురు చేరిపోయారు. ఒకడు చంకల కింద చేతులు వేసి లేపాడు. ఒకడు పంచె దులిపాడు. ఎవరో నీళ్ళ గ్లాసు పెదవులకి ఆనించారు, నాకు చేతులు కూడా లేనట్టు.

"నేను అవతలి ఊరు వెళ్ళాలి," అన్నాను.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు రైతు. "ముందు బండెక్కండి."

"నడిచి వెళ్తాను."

"ఆయ్, అలాగే నడుద్దురుగాని. ఎక్కండి."

మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టారు. వెనక ఇంకొకడెక్కి, జారిపోయే మూటని పట్టుకున్నట్టు నన్ను పట్టుకున్నాడు. బండి మలుపు తిరిగింది. నా చెవిలో గొంతు "వెనక్కి తిరగండి" అంది. కాస్సేపటికి మళ్ళీ, "వెనక్కి తిరగండి." ఇంటికి తీసుకుపోతున్నారు! పడ్డ మనిషిని ఇంటి దగ్గర దింపాలని అందరికీ తెలుసు. ఆ మనిషి ఎటు బయల్దేరాడో తెలిసింది నా జేబులోని యంత్రానికి ఒక్కదానికే.

"ఆపరా!" అన్నాను.

"ఆయ్, వచ్చేసేమండి, వచ్చేసేం."

మా గేటు దగ్గర ఆపారు. అప్పటికే ఎవరో ఫోను చేశారు, మా ఆవిడ బయటే ఉంది. వాళ్ళు ఆమెకి జరిగింది చెప్తూంటే, పక్కనే ఉన్న నేను పార్శిలులా నిలబడ్డాను. ఆమె వాళ్ళకి "మీకు దణ్ణం" అని చెప్పి పంపింది.

"ఇవ్వండి," అంది.

"నేను పడలేదు. రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పెట్టి పడేశారు."

"పడ్డానికీ పడెయ్యడానికీ మోకాలికి తేడా తెలీదండీ. రక్తం కారుతోంది. ఫోను ఇవ్వండి."

"ఇవ్వను."

"మాటిచ్చేరు."

"ఇచ్చాను. తప్పుతున్నాను."

పొలాలు అమ్మినా, ఇంట్లో సగం అమ్మినా మాట తప్పామని మమ్మల్ని ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా.

"కనీసం కట్టయినా కట్టించుకోండి," అంది చివరికి. కట్టించుకున్నాను. చేతికర్ర అందుకుని మళ్ళీ బయల్దేరాను.

వడ్ల వాసన తగలగానే ఆగాను.

"మళ్ళీ వచ్చేరా?" అంది ఇందాకటి ఆడమనిషి.

"ఈ రాళ్ళు తియ్యి."

"తియ్యనండి. తీత్తే లారీలు తొక్కేత్తాయి. ఏడాది కట్టం."

"ఇది రోడ్డు. నీ కళ్ళం కాదు."

"మరి కళ్ళాలన్నీ రొయ్యల చెరువులైపోయేయి. ఎక్కడ పొయ్యమంటారు, మీ అరుగు మీదా?"

"పొయ్యి. నా కాళ్ళకింద మాత్రం పొయ్యొద్దు."

ఆ రోజు "ఆయ్" అనకుండా నాతో "తియ్యను" అన్నది ఆమె ఒక్కతే. ఇద్దరం గొంతు పెంచుకుని కాస్సేపు తిట్టుకున్నాం. రాళ్ళు ఆమె తియ్యలేదు, నేను వెనక్కి పోలేదు. ఆఖరికి, "కుడేపుకి జరగండి... ఇంకా... ఆఁ, అక్కడ. వడ్లయ్యేదాకా తిన్నగా పోండి. ఎనకాల ఆటో వత్తే కేకేత్తాను," అంది, కూర్చున్న చోటి నుంచి కదలకుండానే, విసుగ్గా.

నడిచాను. ఎడమవైపు రాళ్ళని కర్రతో ఒక్కొక్కటే కొట్టుకుంటూ, కొంచెం గట్టిగానే కొట్టుకుంటూ నడిచాను. నా వెనక రైతు మోటారుసైకిలు స్టార్టయింది. "బాబుగారూ, ఆయ్, ఒక్క నిమిషం..."

"ఆ బండి ఆపి తాళం తీసెయ్యి," అని వెనక్కి తిరక్కుండానే అరిచాను.