మక్సూద్ భాయ్ సెకండ్లు

కాలాన్ని పట్టుకోవడానికి రాజులు శాసనాలు చెక్కించారు, పండితులు పంచాంగాలు గుణించారు. ఆ వరసలో చివరివాడు మర్రిగూడ పక్క పల్లె దర్జీ మక్సూద్. పంతులు ఏ సెకండులో బడిలో కాలు పెట్టాడో రాసుకోనిదే ఆయన చాయ్ కూడా ముట్టడు.

దీనికంతా మూలం 1986లో తమ్ముడు దుబాయి నుంచి పంపిన డిజిటల్ గడియారం. అది చేతికెక్కిన వారానికే మక్సూద్ తల్లిదండ్రుల సంఘం పెట్టి, కార్యదర్శి అయ్యాడు. అధ్యక్షుడు బక్కయ్య, సభ్యురాలు గోపమ్మ. ఇద్దరికీ టైము చూడటం రాదు. సంఘం పనంతా కార్యదర్శి మణికట్టు మీదే సాగేది.

ఆ బడికున్న ఒకే ఒక్క పంతులు రఘుపతి సారు. నల్లగొండ బస్సు దిగి పరుగున వస్తే గేటు దగ్గర మక్సూద్ సిద్ధం. మెడలో టేపు, చేతిలో నోటుబుక్కు.

"సలాం సార్. పన్నెండు నిమిషాల ముప్పయ్యారు సెకండ్లు లేటు."

"బస్సు ఆగిపోయింది భాయ్. నేనేం జేయాలె, నూకాల్నా?"

"నూకినట్టే ఉన్నరు, అంగి తడిసింది. గదీ రాసుకుంట."

ఒకనాడు సారుకు ఓపిక నశించింది. "గేటుల ఒక కాలు పెడితె లెక్కనా, రెండు కాళ్లు పెడితెనా?" అని అడిగాడు. మక్సూద్ గంభీరంగా ఆలోచించాడు. మరునాడు గేటు దగ్గర దర్జీ సుద్దతో గీత గీసి ఉంది.

"రెండో కాలు దాటినంకనే సార్."

ఇంతలో పంతులు రోజూ ఆలస్యమేనని ఆకాశరామన్న ఉత్తరమొకటి పై అధికారులకు వెళ్లింది. ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. నిజమని తేలితే సస్పెండు. "ఆధారమేమైనా ఉందా?" అన్నాడాయన. అందరూ మక్సూద్ వైపు చూశారు. రఘుపతికి ఆ నోటుబుక్కు నమిలి మింగాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పాడు. "ఎనిమిదీ పన్నెండు, ఎనిమిదీ తొమ్మిది... బడి తొమ్మిదిన్నరకు కదయ్యా?"

"అవు సార్."

"ఈయన గంటకు పైగా ముందే వస్తున్నాడే."

సెకండు వదలని మనిషి మెడలో టేపు సవరించుకున్నాడు. ఉత్తరం అబద్ధమని రాసుకుని ఇన్‌స్పెక్టరు జీపెక్కాడు.

జీపు దుమ్ము సర్దుకున్నాక సారు అడిగాడు. "గా ఎనిమిదేంది భాయ్?"

"గడియారంల ఉన్నదే రాసిన సార్. తమ్ముడు పెట్టిన దుబాయి టైము, నేను బటన్ ముట్టలే. మన టైముకు గంటన్నర కలుపుకుంట. మన తొమ్మిదిన్నర దాంట్ల ఎనిమిది."

"మరి ఆయనకు చెప్పకపోతివి?"

"ఆయన అడగలే. మీరు రాకముందు రెండేండ్లు బడికి తాళమే ఉండె. మా బిడ్డ సకీనకు గుణింతాలు ఇప్పుడిప్పుడే వస్తున్నయ్. జర జల్ది రాండ్రి సార్."

ఇక జన్మలో ఆలస్యం కానని రఘుపతి సారు అక్కడికక్కడే, ఆ సుద్దగీత మీద నిలబడి ప్రతిజ్ఞ చేశాడు.

మరునాడు మక్సూద్ నోటుబుక్కులో రాసుకున్నది 8:14:05.