లస్కర్ రాజారత్నం దాచిన మాట

మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువ మీద పద్దెనిమిదేళ్లు లస్కరుగా చేశాడు రాజారత్నం. లస్కరంటే మరేం లేదు, గట్టు మీద తిరుగుతూ తూముల తలుపులు ఎత్తేవాడు, దించేవాడు. చిన్న నౌకరీయే. కానీ నాట్ల రోజుల్లో పదెకరాల ఆసామి అయినా "రత్నం, జర మా దిక్కు సూడు" అని బతిమాలాల్సిందే. అట్లా బతిమాలించుకోవడం అతనికి మహా ఇష్టం. అబద్ధమెందుకు, కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

2001 వానాకాలంలో తలుపు దించుతుంటే పళ్లచక్రం జారి కుడిచెయ్యి అందులో పడింది. దవాఖానలో మణికట్టు పైదాకా తీసేశారు. భార్య పిచ్చమ్మ గుండెలు బాదుకుంది. రాజారత్నం ఏడవలేదు. మంచం మీద పడుకునే ఒక ఉపాయం ఆలోచించాడు.

ఆ ఉపాయం అతనొక్కడిదే కాదు, సర్కారు నౌకరీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఇక పని చేతకాదని తండ్రి రాసిచ్చి దిగిపోతే పిల్లలకు నౌకరీ వస్తుందని అందరి నమ్మకం. కొందరికి వచ్చింది కూడా. కూతురు నవనీత అప్పుడు ఇంటర్ చదువుతోంది. పిల్ల ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటుంది, ఇంకేం కావాలి! ఆ ఊహ వచ్చాక చేతి నొప్పి సగం తగ్గినట్టే అనిపించింది.

కాగితాలు పట్టుకుని కోదాడలోని ఆఫీసుకు పోయాడు. గుమస్తా భాస్కర్ అవి చదివి, లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"సంతకం పెట్టకు రాజారత్నం. వికలాంగుల చట్టం ఒకటుంది. డ్యూటీలో ఉండగా చెయ్యో కాలో పోయిందని మనిషిని తీసెయ్యడానికి లేదు. చెయ్యగలిగిన పని ఇవ్వాలి, జీతం తగ్గించకూడదు. ఇక్కడ టపా పని ఇమ్మని నేను ఫైలు పెడతాను. పిల్లకి ఉద్యోగం అంటావా, ఆ పద్ధతి ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలీదు."

బంగారం లాంటి మాట. కానీ అనుమానం పెనుభూతం అన్నారు కదా. భాస్కర్ బామ్మర్ది ఆ కాలువ మీదే రోజుకూలీగా తిరుగుతున్నాడు. నేను టపా పనికి మారితే గట్టు మీద నా జాగా ఖాళీ అవుతుంది, అందులో బామ్మర్దిని దూర్చుకుంటాడు, అదీ సంగతి అనుకున్నాడు రాజారత్నం. పైగా రైతులను నిలబెట్టి మాట్లాడిన మనిషి, ఒంటిచేత్తో కవర్లు మోస్తుంటే నలుగురూ నవ్వరా?

"మీ చట్టం మీ దగ్గర్నే ఉంచుకోండ్రి సారూ. నా బిడ్డ నోటికాడి బుక్క గుంజకుండ్రి," అన్నాడు.

భాస్కర్ మొహం మాడిపోయింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంటికొచ్చి నవనీత దగ్గర ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు. జీతం కాగితాల కోసమని చెప్పాడు. పిల్ల నాలుగు రోజులు పక్కన కూర్చుని దిద్దించింది. ఐదో రోజు పోయి, 'నా ఇష్టపూర్వకంగా' అని రాసిన కాగితం కింద సంతకం పెట్టి వచ్చాడు.

ఏడాది తిరక్కుండానే ఆ పద్ధతి ఆగిపోయిందన్నారు. పోనీ నన్నే మళ్లీ తీసుకోమంటే, ఇష్టపూర్వకంగా పోయినవాడికి ఏ చట్టమూ వర్తించదన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు మనిషి. ఏ మొహం పెట్టుకుని ఇంట్లో చెప్పాలి? "చట్టమున్నదని ఒక్కడు చెప్పలె. మోసం జేసి సంతకం తీస్కున్నరు," అన్నాడు. ఆ పూటకు గండం గడిచింది. నవనీత ఆ మాట గట్టిగా నమ్మింది.

పిల్ల చదువు మానేసి రైసుమిల్లులో చేరింది. తవుడు దుమ్ములో దగ్గుతూనే, నాయినకు అన్యాయం చేసినవాళ్ల మీద పగబట్టింది. సెలవు దొరికితే సూర్యాపేట పోయేది. అక్కడి వికలాంగుల సంఘంలో చట్టాన్ని తెలుగులో చదివి వినిపించేవారు. ఆ సంఘం వకీలు దావీదు కేసు వేశాడు. వాయిదా మీద వాయిదా, ఏళ్లకేళ్లు గడిచాయి. "ఇగ ఖతం జెయ్ బిడ్డా, వద్దు," అనేవాడు రాజారత్నం ప్రతిసారీ. నాయినది మంచితనం అనుకునేది నవనీత. అయ్యో, మంచితనమా అది!

2014 ఎండాకాలంలో దావీదు తేల్చి చెప్పాడు. "పాత ఫైలు దొరుకుతలేదని ఆఫీసోళ్లు అంటున్నరు. సంతకం పెట్టిననాడు చట్టం సంగతి మీ నాయినకు ఎవ్వరు చెప్పలేదని ఆ గుమస్తా రాసిస్తే కేసు నిలబడ్తది. లేకుంటె ఇగ ఆశ లేదమ్మా."

తండ్రిని వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కింది నవనీత. హుజూర్‌నగర్ దాటాక చెప్పేద్దామనుకున్నాడు రాజారత్నం. కోదాడలో దిగగానే చెప్పేద్దామనుకున్నాడు. చెప్పకుండానే భాస్కర్ ఇంటిదాకా వచ్చేశాడు.

భాస్కర్ రిటైరై ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. నవనీత నమస్తే పెట్టి, తెల్లకాగితం ముందు పెట్టింది.

"చట్టమున్నదని మా నాయినకు ఎవ్వరు చెప్పలేదని రెండు ముక్కలు రాసియ్యుండ్రి సారూ. మీ కాళ్లు మొక్కుత."

భాస్కర్ ఆ కాగితాన్ని రాజారత్నం వైపు జరిపాడు. "నువ్వే చెప్పు రాజారత్నం. రాయమంటే రాస్తాను. ఈ వయసులో నాకు ఒక అబద్ధం ఎక్కువా, తక్కువా?"

"అబద్ధమేంది సారూ?" అంది నవనీత.

రాజారత్నం తల ఎత్తలేదు. "సారు చెప్పిండు బిడ్డా. తలుపేసి మరీ చెప్పిండు. నేనే ఇనలె."

"ఎందుకినలే?"

"నీకు నౌకరీ వస్తదని."

"నేనడిగిన్నా నాయినా?" అంది నవనీత. "ఇన్నేండ్ల సంది నేను ఎవరి మీద కొట్లాడుతున్న మరి?"

భాస్కర్ మంచినీళ్లు తెప్పించాడు. ఎవరూ ముట్టుకోలేదు.

బస్సులో వేరే సీట్లో కూర్చుంది నవనీత. మిర్యాలగూడ వచ్చేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, "రేపు సూర్యాపేటకు నేనొక్కదాన్నే పోత. కేసు వాపసు తీస్కోమని చెప్పొస్త. అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో," అంది.

పిచ్చమ్మ ఇంటిదాకా ఆగలేక బస్టాండుకే ఎదురొచ్చింది. "రాసిచ్చిండా సారు?" అని అడిగింది.