రోమ్ కావ్యమూ, మా సైకిలు క్యారియరూ

ఆ రోజుల్లో ఏ పుస్తకమైనా రోజుకిన్ని పుటలని వంతు వేసుకుని చదివేవాణ్ణి. వంతు దాటి ఒక్క వాక్యం ముందుకు వెళ్ళేవాణ్ణి కాదు. ఆ క్రమశిక్షణే ఒకసారి నా కొంప ముంచబోయింది. తొంభైల మొదట్లో నాకు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కొత్త, సెక్టర్ 6లో క్వార్టరు కొత్త, పెళ్ళి మరీ కొత్త. లైబ్రరీలో రోమన్ల పురాతన మహాకావ్యం ఒకటి ఇంగ్లీషులో దొరికింది. నోరు తిరగని పేర్లతో మొదటి సర్గ ఎలాగో నెట్టుకొచ్చాను. రెండో సర్గలో నగరం తగలబడుతుంటే కథానాయకుడు ముసలి తండ్రిని భుజాల మీదికెత్తుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, భార్యను వెనకాల రమ్మని బయల్దేరాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆనాటి వంతు అక్కడితో సరి. పుస్తకం మూసేసి, 'పుత్రుడంటే వీడు!' అని డైరీలో రాసుకున్నాను.

మర్నాడు సాయంత్రం తెలుగువాళ్ళ సంఘంలో హరికథ. విజయనగరం నుంచి వచ్చిన మా నాన్నకు కాలు బెణికి ఉంది. సైకిలు క్యారియర్ మీద కూర్చోబెట్టాను. (భుజాల మీద ఎత్తుకుంటానన్నాను కూడా. "ఏటి, నీకేటైనా మతి పోనాదా?" అన్నాడు.) మా ఆవిడ కాపురానికొచ్చి వారమైనా కాలేదు, హిందీ ముక్క రాదు. అయినా "నువ్వు నడుచుకుంటూ వెనకాలే వచ్చెయ్" అని, అచ్చం ఆ వీరుడిలా ముందుకే చూస్తూ తొక్కాను. సంఘం దగ్గర నాన్న దిగి, "ఒరే, కోడలేదిరా?" అన్నాడు.

వెనక ఎవరూ లేరు. నాన్నను అక్కడే వదిలి ఇంటికి తొక్కాను. వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. షిఫ్టు వదిలిన వేళ, రోడ్డు నిండా సైకిళ్ళు. ఏ వీధి చూసినా అవే క్వార్టర్లు, అవే జామచెట్లు. పేరు పెట్టి పిలవడానికి సిగ్గేసి "ఏమేవ్, ఏమేవ్" అని అరుస్తూ తిరిగాను. (ముగ్గురు తెలుగు ఇల్లాళ్ళు తలుపులు తీశారు. ముగ్గురూ నావాళ్ళు కారు.)

చివరికి నాలుగు వీధుల అవతల ఒక వరండాలో కనిపించింది, చేతిలో టీ గ్లాసుతో. మేము కనుమరుగవగానే ఇంటికి తిరిగిందట. మా నంబరే చూసుకుంది గాని, ప్రతి వీధిలోనూ ఆ నంబరు ఉంటుందని పాపం ఆమెకేం తెలుసు! కూరలు కొనుక్కొచ్చిన ఆ ఇంటావిడ పగలబడి నవ్వుతూ, "భయ్యా, యే తో హమారా తాలా ఖోల్ రహీ థీ!" అంది, వాళ్ళ తాళం తీయబోతుంటే పట్టుకుందట. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఒక్కపాలి ఎనక్కి సూస్తే మెడ ఇరిగిపోద్దేటండి?"

నాన్ననూ తీసుకుని ఇంటికొచ్చాక, నా తప్పు కాదు, కావ్యంలోనే అలా ఉందని చెప్పుకున్నాను. "మరి ఆవిడేటయింది?" అంది. జీవితంలో మొదటిసారి వంతు దాటి పుట తిప్పాను. ఆ వీరుడు కూడా సంఘం దగ్గర నాలాగే వెనక్కి తిరిగి చూశాడు. అంటే, ఊరి బయట. భార్య లేదు. పేరు పెట్టి అరుస్తూ వీధులన్నీ వెతికాడు. చివరికి ఆమె ఆత్మ ఎదురై, "ఏడవకు, కొత్త దేశంలో నీకు ఇంకో రాణి ఉంది" అని ఓదార్చింది. ఈ ముక్క గొంతు తగ్గించి చదివాను. నాన్న దగ్గాడు.

"అంటే పెళ్ళాం పోనా పర్లేదు, ఇంకోర్తి రడీగున్నాదా? రేపే ఇచ్చీయండి ఆ బుక్కు!" అంది మా ఆవిడ.

ఇచ్చేశాను. ఆ వీరుడు కొత్త దేశంలో ఏం ఉద్ధరించాడో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు సాయంత్రాలు భిలాయిలోనే నెహ్రూ నగర్‌లో నడకకు వెళ్తాం. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆవిడ ముందు, నేను వెనక. నాలుగు అడుగులకోసారి ఆగి, మెడ తిప్పి చూస్తుంది.

"ఏటి, వస్తన్నారా?"

"వెనకాలే" అంటాను.