ఫొటో లేని కోర్సు

మా విశ్వవిద్యాలయం తన చరిత్రను నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించుకుంది. ఏ కోర్సు ఎట్లా మొదలైంది, ఏ శాఖలో ఏ ఆనవాయితీ నడిచింది, సమస్తం అందులో ఉందని పెద్దలు సభలో చెప్పుకున్నారు. ఇక్కడే పాఠాలు చెప్పే నేనూ ఆ పుస్తకం వేసిన కమిటీలో ఉన్నాను. ఇప్పుడది కంటపడితే చాలు, ఒళ్ళు మండిపోతుంది.

ఒకప్పుడు సరూర్‌నగర్‌లో ఒక బడి భవనంలో మా విశ్వవిద్యాలయమే సాయంకాలం ఎమ్మే తెలుగు నడిపేది. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన కోర్సు. నేను చదివింది అక్కడే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో సాయంత్రం దాకా గొంతు చించుకుని, ఆరింటికి అక్కడికి పరుగెత్తేవాణ్ణి. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టేవి కావు. అక్కడ హాజరు మొదట్లో వేసేవారు కాదు, ఆఖరి గంటలో వేసేవారు. డ్యూటీ దిగి, బస్సు పట్టుకుని వచ్చేవాళ్ళకు ఆలస్యమవుతుందని మాస్టారికి తెలుసు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ఆనవాయితీ అది. ఆనవాయితీల గురించి పుస్తకం వేసేవాళ్ళు రాయాల్సింది ఇదీ! రాయలేదు.

ఆ క్లాసులో నా పక్కన ఒకామె కూర్చునేది, వయసులో పెద్దదని అక్కా అని పిలిచేవాణ్ణి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పగలు చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. పిల్లల కంచాలు ఎత్తించి, పరుగున వచ్చి, చెమట తుడుచుకుంటూనే ఛందస్సు రాసుకునేది. నేను రాని రోజుల పాఠాలన్నీ ఆమే చెప్పేది. ఆమె లేకపోతే ఆ ఎమ్మే నాకు వచ్చేది కాదు. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు, సిగ్గులేని వెధవని.

స్నాతకోత్సవం ఎప్పుడూ పనిరోజే పెట్టేవారు. మాకెవరికీ సెలవు దొరికేది కాదు. అందరం పట్టాలు పోస్టులోనే తెప్పించుకున్నాం. అందుకే గౌన్లు తొడుక్కుని దిగిన ఫొటో మా కోర్సుకు ఒక్కటీ లేదు. కమిటీ అధ్యక్షులవారేమో స్నాతకోత్సవం ఫొటో ఉన్న కోర్సుకే పుస్తకంలో చోటని తేల్చేశారు. ఇదేం చరిత్రండీ, పెళ్ళి ఆల్బమా? ఈ సాయంకాలం కోర్సేదో తీసేద్దామా అని ఆయన అడిగినప్పుడు గదిలో ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ నీళ్ళు నమిలాను. పట్టా మీద సాయంకాలం అని ఉండదు. నేను పెద్ద క్యాంపస్‌లోనే చదివానని అక్కడ అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

అక్క ఏళ్ళ తరబడి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఇన్నాళ్ళకు పర్మినెంటు చేస్తామని ఫారాలు నింపించారు. ఎక్కడ చదివారన్న చోట అక్క సరూర్‌నగర్ కేంద్రం, సాయంకాలం కోర్సు అని చక్కగా రాసింది. ఉన్నదున్నట్టు రాసే మనిషి మరి. ఆ ఫారం సరిచూడమని మా విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఇక్కడి గుమాస్తా ఆ రంగుల పుస్తకం తిరగేసి, ఇటువంటి కోర్సు లేదని రాసి పంపేశాడు.

ఒక ఆదివారం పొద్దున్నే అక్క చంపాపేట్‌లో మా ఇంటికొచ్చింది. సంచిలోంచి పుస్తకం తీసి, కమిటీ పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

“గీ పుస్తకంల నీ పేరున్నది తమ్మీ. మన కోర్సు లేదు. నా ఫైలు వాపస్ ఒచ్చింది.”

మర్నాడు అధ్యక్షులవారి గదిలో చెడామడా అరిచాను. ఆయన తాపీగా విన్నాడు. పుస్తకం విడుదలైపోయింది, ఇక మార్చేది లేదన్నాడు. పరీక్షల విభాగంలో మార్కులున్నా ఆ కేంద్రం పేరు ఎక్కడా లేదట. అక్కడ చదివి, ఇప్పుడు ఇక్కడ పనిచేస్తున్నవాళ్ళెవరైనా రాసిస్తే ఆమె ఫైలు కదులుతుందన్నాడు. అలాంటివాళ్ళు మన దగ్గర ఎవరుంటారులెండి అని నవ్వాడు కూడా. విచారిస్తానండీ అని బయటికొచ్చేశాను. థూ, నా బతుకు.

సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉత్తరం రాసి అక్కను పిలిచాను. సరూర్‌నగర్‌లో సాయంకాలం ఎమ్మే నడిచిన సంగతి నాకు తెలుసునని పేజీ నిండా రాశాను. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

“తెలుసని రాసినవ్. చదివిన అని రాయలే.”

ఇది సరిపోతుందక్కా, పని జరిగిపోతుంది అన్నాను. అక్క గొంతు పెంచలేదు.

“చదివినోళ్ళు రాయాలన్నరని నువ్వే చెప్తివి. నేను ఏడ చదివిన్నో గదే రాసిన, నా నౌకరి ఆగింది. నువ్వు ఏడ గూడ రాయలే, నీ నౌకరి నడుస్తున్నది.”

పొద్దున్న అధ్యక్షుడి మీద అంత అరిచినవాణ్ణి, ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఉత్తరం చింపేసి ఇంకో కాగితం తీసుకున్నాను. మొదటి వాక్యంలోనే, నేను అక్కడ చదివానని రాశాను.